నిద్రలో గిచ్చితే ఏ భాషలో అరుస్తాడు?

తెనాలి రామకృష్ణుడి కథల్లో అందరం చిన్నప్పుడు విన్నది ఒకటుంది. రాయల సభకు ఒక పరదేశి పండితుడు వస్తాడు. తమిళంలో పలకరిస్తే తమిళంలో, కన్నడంలో పలకరిస్తే కన్నడంలో, మరాఠీలో అడిగితే మరాఠీలో, అక్కడే పుట్టి పెరిగినవాడిలా జవాబిస్తాడు. ఎక్కడా నాలుక తడబడదు. ‘నా మాతృభాష ఏదో కనిపెట్టండి చూద్దాం’ అని సవాలు విసురుతాడు. సభ తల పట్టుకుంటుంది. రామకృష్ణుడు రాత్రి దాకా ఆగి, ఒళ్లు మరచి నిద్రపోతున్న పండితుణ్ణి గట్టిగా గిచ్చుతాడు. ఉలిక్కిపడి లేచిన ఆయన నోటి వెంట ఏ భాషలో తిట్టు వచ్చిందో అదే ఆయన మాతృభాష అని మర్నాడు సభలో తేల్చేస్తాడు. గిచ్చాడని కొందరు చెబుతారు, చన్నీళ్లు కుమ్మరించాడని కొందరు. ఇదే కథ బీర్బల్ పేరు మీదా తిరుగుతోంది. పేర్లు మారినా పండితుడి గతి మాత్రం మారలేదు.

చిన్నప్పుడు రామకృష్ణుడి తెలివికి నవ్వుకున్నాను. పెద్దయ్యాక పండితుడి మీద జాలి మొదలైంది. పాపం, ఆయన చేసిన తప్పేమిటి? ఏళ్ల తరబడి శ్రమపడి అన్ని భాషలు నేర్చుకొచ్చాడు. సభలో ఒక్కరూ ‘ఎలా నేర్చావయ్యా’ అని అడగలేదు. ‘ఇంతకీ నువ్వు ఎవరివాడివి’ అన్నదే అందరి ఆరాటం. ఎన్ని నేర్చినా లోపల అసలుది ఒకటే ఉంటుందని, మిగిలినవన్నీ పైన కప్పుకున్న శాలువాలని కథ తీర్పు చెప్పేసింది. పలు భాషలు తెలిసిన పాత్రల పట్ల కథకులు చాలామంది వైఖరి ఇదే. మొదట నోరు వెళ్లబెడతారు, ఆ వెంటనే అనుమానిస్తారు.

నోరు వెళ్లబెట్టించడం తేలిక. అంకె పెంచితే చాలు. 1977లో మొదలైన ‘స్టార్ వార్స్’ సినిమాల్లో బంగారు రంగు మరమనిషి సీ-త్రీపీవో తనకు 60 లక్షలకు పైగా సంభాషణ రీతులు వచ్చని చెప్పుకుంటుంది. తమాషా ఏమిటంటే, అన్ని భాషలు తెలిసిన ఆ ప్రాణికి తోటివారి నుంచి ఎక్కువగా వినిపించే మాట ‘నోరు మూసుకో’ అనే. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహికలో మిస్సాండే అనే అమ్మాయికి 19 భాషలు వస్తాయి. ఆ 19 ఏవేవో చూసినవాళ్లలో ఎంతమందికి గుర్తున్నాయి? గుర్తుండిపోయిన ఘట్టం మరొకటి. బానిసల వ్యాపారి తన భాషలో రాణి డెనేరిస్‌ను నానా మాటలు అంటుంటాడు. మిస్సాండే వాటిని మర్యాదగా మార్చి చెబుతుంటుంది. రాణి ఏమీ తెలియనట్టు వింటుంది. బేరం ముగిసి సైన్యం తన చేతికి వచ్చాక, అదే భాషలో నోరు విప్పి, అది తన మాతృభాషే అంటుంది. వ్యాపారి ముఖం చూడాలి! ఎన్ని భాషలు వచ్చు అన్న లెక్క కంటే, వచ్చిన భాషను ఎప్పుడు బయటపెట్టారు, ఎప్పుడు దాచారు అన్నదే కథను నడుపుతుందని ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

ఈ దాపరికానికి పాత ఉస్తాదు కెప్టెన్ నెమో. జూల్ వెర్న్ 1869-70లో ధారావాహికగా రాసిన ఇరవై వేల లీగుల సముద్రయాత్ర నవలలో ప్రొఫెసర్ అరోనా, ఆయన సేవకుడు కాన్సే, తిమింగిలాల వేటగాడు నెడ్ లాండ్ జలాంతర్గామిలో బందీలవుతారు. వాళ్ల ముందుకు ఇద్దరు మనుషులు వస్తారు, వారిలో ఒకడు ఆ జలాంతర్గామి కెప్టెన్ నెమో. ప్రొఫెసర్ తమ కథంతా ఫ్రెంచిలో చెబుతాడు. ఉలుకూ పలుకూ లేదు. నెడ్ లాండ్ ఇంగ్లీషులో చెబుతాడు. కాన్సే జర్మన్‌లో చెబుతాడు. చివరికి ప్రొఫెసర్ బడిలో చదువుకున్న లాటిన్‌ను తవ్వి తీస్తాడు. అయినా ఆ ముఖాల్లో చలనం ఉండదు. ఆ తరువాత నెమో మళ్లీ వచ్చి, నిక్షేపంలాంటి ఫ్రెంచిలో అంటాడు: తనకు ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్, లాటిన్ నాలుగూ సమానంగా వచ్చునట. మొదటి రోజే జవాబు చెప్పగలిగేవాడట. కానీ ముందు మీరెవరో తెలుసుకుని, ఆలోచించుకోవాలనుకున్నాడట. నాలుగు భాషల్లో చెప్పినా కథ ఒక్కటే కాబట్టి మీరు నిజమే చెబుతున్నారని తేలిందట. పోలీసు విచారణలో సాక్షులను విడివిడిగా కూర్చోబెట్టి అడిగినట్టు, నెమో ఒకే గదిలో నాలుగు భాషల చేత సాక్ష్యం చెప్పించుకున్నాడు.

అదే నవలలో తెనాలి రామకృష్ణుడు కూడా ఉన్నాడు, రాక్షస స్క్విడ్ అనే సముద్రజంతువు రూపంలో. నెమో జలాంతర్గామి నాటిలస్‌లో నావికులందరూ బయటివారికి అర్థంకాని ఒక భాష మాట్లాడుకుంటారు. ఎవరు ఏ దేశం వాళ్లో ఆనవాలు దొరకదు. ఒకనాడు ఆ జంతువు తన బాహువుతో ఒక నావికుణ్ణి చుట్టి పైకెత్తుతుంది. ఆ క్షణంలో అతడు కాపాడమని ఫ్రెంచిలో అరుస్తాడు. ఇన్ని రోజులుగా తన దేశస్థుడు ఈ ఓడలోనే ఉన్నాడని ప్రొఫెసర్‌కు అప్పుడు తెలుస్తుంది. హంపీలో గిచ్చుడు, అట్లాంటిక్‌లో స్క్విడ్. మనవాళ్లకూ వెర్న్‌కూ ఒకటే నమ్మకం: ప్రాణం మీదికి వస్తే అసలు భాష బయటపడుతుందని.

నెమో ఏకరువు పెట్టిన ఆ నాలుగు భాషల పట్టిక దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 1875లో పూర్తయిన ‘మిస్టీరియస్ ఐలండ్’లో వెర్న్ ఆయన ఎవరో బయటపెట్టాడు. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో పోరాడి భార్యాబిడ్డలను పోగొట్టుకున్నవాడు. మరి పట్టికలో ఒక్క భారతీయ భాషైనా ఏదీ? నెమోను మొదట రష్యా మీద పగబట్టిన పోలండు వాడిగా రాయాలని వెర్న్ అనుకున్నాడని, ప్రచురణకర్త వద్దన్నాడని అందరికీ తెలిసిన సంగతే. అంటే పట్టిక రాసేనాటికి నెమో ఇంకా మనవాడు కాలేదు. లెక్క అక్కడితో తీరిపోయింది. అయినా యూరప్ భాషలే భాషలుగా లెక్కకొచ్చి, అమ్మ దగ్గర నేర్చింది ఊసులోకి రాకపోవడం మనకు కొత్త కాదు. ‘మీకెన్ని భాషలు వచ్చు’ అని ఉద్యోగ దరఖాస్తులో అడిగితే, ఇంట్లో గోండి, సంతలో మరాఠీ మాట్లాడే మనిషి ‘తెలుగు, ఇంగ్లీషు’ అని రాసి ఊరుకుంటాడు.

దాపరికపు భాష మన ఇతిహాసాల్లోనూ ఉంది. పాండవులు వారణావతానికి బయలుదేరేటప్పుడు విదురుడు జనం మధ్యలో ధర్మరాజుతో నాలుగు మాటలు అంటాడు. లోహంతో చేయని ఆయుధం కూడా చంపుతుందని, అడవిని కాల్చే నిప్పు కలుగులో ఉన్నవాణ్ణి ఏమీ చేయలేదని. ధర్మరాజు ‘అర్థమైంది’ అంటాడు. పక్కనే ఉన్న కుంతికి ఒక్క ముక్క అర్థం కాదు, తరువాత కొడుకును అడిగి తెలుసుకుంటుంది. లక్క ఇంట్లో సొరంగం తవ్వడానికి వచ్చిన మనిషి తనను విదురుడే పంపాడని నమ్మించడానికి ఒక ఆనవాలు చెబుతాడు: ఆనాడు విదురుడు నీతో మ్లేచ్ఛభాషలో ఏదో అన్నాడు, నువ్వు సరే అన్నావు. చిన్న మాటే, కానీ ఎంత పెద్ద కిటికీ తెరుస్తుంది! హస్తినాపురం మంత్రికీ, ధర్మానికి మారుపేరైన రాజకుమారుడికీ, నాగరికులు చిన్నచూపు చూసే భాష వచ్చు. ఆ భాషే వంశాన్ని మంటల్లోంచి బయటపడేసింది.

అదే విద్య దుర్మార్గుడి చేతిలో పడితే ఎలా ఉంటుందో 2009 నాటి ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’ మొదటి అంకం చూపింది. నాజీ అధికారి హాన్స్ లాండా ఫ్రాన్సులో ఒక పాడి రైతు ఇంటికి వస్తాడు. కాసేపు ఫ్రెంచిలో మాట్లాడి, తన ఫ్రెంచి ఇంతటితో సరి, ఇక ఇంగ్లీషులో మాట్లాడుకుందామా అని వినయంగా అడుగుతాడు. హాలీవుడ్ సినిమా కదా, ప్రేక్షకుల సౌకర్యం కోసం భాష మార్చారని మనం అనుకుంటాం. అసలు సంగతి నేల పలకల కింద ఉంది. అక్కడ దాక్కున్న యూదు కుటుంబానికి ఇంగ్లీషు రాదు. తమ చావు గురించి తమ నెత్తిమీదే మాట్లాడుకుంటున్నా వాళ్లకు తెలియదు. సినిమాల్లో అందరూ ఇంగ్లీషు ఎందుకు మాట్లాడతారన్న పాత ప్రశ్ననే దర్శకుడు కత్తిగా మార్చాడు. ఈ సినిమాను మొత్తంగా ఒకే భాషలోకి డబ్ చేస్తే ఆ దృశ్యానికి అర్థమే ఉండదు. తరువాత ఒక సారా దుకాణంలో జర్మన్ వేషంలో ఉన్న బ్రిటిష్ అధికారి, మూడు గ్లాసులు కావాలని బొటనవేలు కలపకుండా మూడు వేళ్లు చూపించి దొరికిపోతాడు. నాలుక నేర్చినా వేళ్లు నేర్వలేదు.

ఇన్నిటిలోకీ నాకు ఎక్కువ నచ్చిన ఘట్టం అశోకవనంలో శింశుపా వృక్షం కొమ్మ మీద జరిగింది. పెద్దగా సంభాషణ లేదు. ఒక కోతి తనలో తాను ఆలోచించుకోవడమే.

కిష్కింధాకాండలో హనుమంతుడు సన్యాసి వేషంలో వచ్చి మాట్లాడగానే రాముడు ముగ్ధుడవుతాడు. ఋగ్వేదం నేర్వనివాడు, యజుర్వేదం తెలియనివాడు, సామవేదం రానివాడు ఇలా మాట్లాడలేడని, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని లక్ష్మణుడితో అంటాడు. అంటే హనుమ సంస్కృతానికి రాముడే యోగ్యతాపత్రం ఇచ్చాడు. సుందరకాండకు వచ్చేసరికి అదే యోగ్యత అడ్డం తిరిగింది. చెట్టు మీద కూర్చున్న హనుమ, సీతతో ఏ భాషలో మాట్లాడాలా అని తర్జనభర్జన పడతాడు. ‘యది వాచం ప్రదాస్యామి ద్విజాతిరివ సంస్కృతామ్, రావణం మన్యమానా మాం సీతా భీతా భవిష్యతి’ అంటాడు. ద్విజుడిలా సంస్కృతం మాట్లాడితే నన్ను రావణుడనుకుని భయపడుతుంది, అని. రావణుడు కూడా పండితుడే, సన్యాసి వేషంలోనే వచ్చి ఎత్తుకుపోయాడు. అక్కడ నమ్మకం పుట్టించిన భాషే ఇక్కడ వణుకు పుట్టిస్తుంది. చివరికి ‘మానుషం వాక్యం’, మామూలు మనుషులు మాట్లాడుకునే మాట ఎంచుకుంటాడు. అది అయోధ్య ప్రాంతపు వాడుక భాష అని వ్యాఖ్యాతలు చెప్పారు. ఎంచుకున్నాక కూడా సీతను నేరుగా పిలవడు. దశరథుడనే రాజు ఉండేవాడని కథలా మొదలుపెడతాడు. భయంతో బిగుసుకుపోయిన మనిషి చెవిలో ముందు పుట్టింటి, అత్తింటి పేర్లు పడాలి, తరువాతే వచ్చినవాడి ముఖం కనపడాలి. బహుభాషాజ్ఞానం అంటే ఇదీ అని ఎక్కడైనా చూపించమంటే నేను ఈ సర్గ చూపిస్తాను. హనుమకు ఎన్ని భాషలు వచ్చో వాల్మీకి ఇక్కడ లెక్క చెప్పలేదు. ఆ అవసరమే రాలేదు.

సంస్కృత నాటకకర్తలకు ఇంకో వెసులుబాటు ఉండేది. వాళ్ల రంగస్థలం మీద రాజు సంస్కృతంలో అడిగితే చెలికత్తె ప్రాకృతంలో జవాబిస్తుంది. దుబాసీ ఉండడు, ఎవరికీ అర్థం కాకపోవడమూ ఉండదు. ‘మృచ్ఛకటికం’లో శకారుడు ప్రతి ‘స’ను ‘శ’గా పలికి జనాన్ని నవ్విస్తాడు. ‘ముద్రారాక్షసం’లో పాములవాడి వేషం వేసిన గూఢచారి దారిన పోయేవాళ్లతో ప్రాకృతం మాట్లాడి, తనలో తాను మాట్లాడుకునేటప్పుడు సంస్కృతంలోకి మారతాడు. వేషం మారితే భాష మారాలి, ఒంటరిగా ఉంటే సొంత భాష రావాలి. ఇక్కడా ఆ గిచ్చుడు సూత్రమే. దీన్ని గొప్ప సామరస్యమని మురిసిపోనక్కరలేదు. ఎవరు ఏది మాట్లాడాలో కులమూ హోదా, ఆడా మగా చూసి నిర్ణయించిన ఏర్పాటు అది. ఆడవాళ్లలో చాలామందికి జీవితాంతం ప్రాకృతమే రాసిపెట్టారు. అయినా, ఒకే గదిలో నాలుగు భాషలు వినపడటం వింత కాదన్న ఎరుక ఆ నాటకాల్లో ఉంది. తరువాత మనం దాన్ని పోగొట్టుకున్నాం.

తెలుగులో భాషల ఆటను చక్కగా పట్టుకున్నది గురజాడ. ‘కన్యాశుల్కం’ (1897లో అచ్చు, 1909లో తిరగరాసిన కూర్పు) గిరీశం ఇంగ్లీషును ఎవరి ముందు వాడతాడో గమనించండి. వెంకమ్మ ముచ్చటపడి, కొడుకూ గురువూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ఉందంటుంది. గిరీశం ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’ అందుకుంటాడు. వెంకటేశం గుడారంలో తెల్లవాడు ఉన్నాడన్న వాచకం వాక్యం వదులుతాడు. పద్యం ముక్క, రేఖాగణితం ముక్క, వ్యాకరణ సూత్రం ముక్క, ఇలా అక్కడ సంభాషణ జరిగిపోతుంది. విన్న ఇంటివాళ్లకు అది పాండిత్యం. గిరీశానికి ఇంగ్లీషు రాదని కాదు, బాగానే వచ్చు. కానీ ఆ క్షణాన అతనికి పని చేసిపెట్టింది తన ఇంగ్లీషు కాదు, వెంకమ్మకు ఇంగ్లీషు రాకపోవడం. నూరేళ్లు దాటినా ఈ వ్యాపారం సాగుతూనే ఉంది, గుడారాలు మాత్రం ఏసీ హాళ్లయ్యాయి.

మాటలు తెలిసినా మనసు అందని పరిస్థితి మీద 1991లో ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో ‘డార్మాక్’ అనే భాగం వచ్చింది. అంతరిక్ష నౌకలో సకల భాషలనూ అప్పటికప్పుడు అనువదించే యంత్రం ఉంటుంది. ఒక జాతి మాటలను అది చక్కగానే అనువదిస్తుంది. ‘తనాగ్రా దగ్గర డార్మాక్, జలాద్’ అని. ఎవరికీ ఏమీ అర్థం కాదు. వాళ్లు ప్రతి సంగతినీ తమ పురాణ కథల పేర్లతోనే చెబుతారు, ఆ కథ తెలియకపోతే వాక్యం శూన్యం. అమెరికా ప్రేక్షకులకు ఇది విడ్డూరమైన ఊహ కావచ్చు. మన దినపత్రిక చదివేవాడికి మామూలే. ‘ఆయనది శల్యసారథ్యం’, ‘బిల్లుకు సైంధవుడిలా అడ్డుపడ్డారు’, ‘త్రిశంకు స్వర్గంలో అభ్యర్థులు’. ఈ శీర్షికలను ఆ యంత్రానికి ఇచ్చి చూడాలి.

ఇప్పుడు మన కథల సంగతి. ఇచ్ఛాపురంలో బేరం ఒడియాలో మొదలై తెలుగులో ముగుస్తుంది. మడకశిరలో కన్నడం, నగరిలో తమిళం, ఆదిలాబాద్ సంతలో గోండి, మరాఠీ, ఉర్దూ ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని తిరుగుతాయి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు బెంగాలీ, హిందీ లేకుండా రోజు గడపలేవు. హైదరాబాద్ గురించి చెప్పేదేముంది. ఇంత భాషల సంత మధ్య బతుకుతూ, మన సినిమాల్లో పొరుగు భాష వినపడితే అది నవ్వు కోసమే: తమిళ యాస వంటవాడు, వచ్చీరాని తెలుగు సేఠ్. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’లో రామరాజుకు ఇంగ్లీషు రావడం, భీమ్‌కు రాకపోవడం వల్ల రెండు మూడు ముచ్చటైన దృశ్యాలు పుట్టాయి. కానీ అడవి నుంచి వచ్చిన గోండు బిడ్డ ఢిల్లీలో అఖ్తర్‌గా చెలామణి కావాలంటే ఎన్ని భాషలు దాటాలి, ఏ మాట దగ్గర నాలుక పట్టిస్తుంది అన్న ఉత్కంఠ జోలికి సినిమా పెద్దగా పోలేదు. పులితో పోరాటం కంటే అదే నాకు ఎక్కువ భయం పుట్టించేది. అయిదు భాషల్లో ఒకేసారి విడుదల చేసే రోజుల్లో రచయితను తప్పుపట్టీ లాభం లేదు. పాత్రలు రెండు భాషల్లో మాట్లాడుకునే దృశ్యం డబ్బింగ్ బల్ల మీద మొదట చచ్చిపోయేది. సినిమా బహుభాషా చిత్రం అవుతున్నకొద్దీ అందులోని మనుషులు ఏకభాషులవుతున్నారు.

భాషాభిమాన సభల్లో ఈ మాటంటే ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అని ఎవరో ఒకరు లేస్తారు. ‘ఆముక్తమాల్యద’లో శ్రీకాకుళాంధ్రదేవుడు రాయల కలలోకి వచ్చి చెప్పిన పద్యం అది. చివరి పాదం అందరికీ నోటికి వచ్చు. దాని ముందు పాదం ఎవరూ చదవరు: ‘యెల్ల నృపులు గొలువ నెఱుగవే బాసాడి’. నిన్ను కొలిచే రాజులందరితోనూ వాళ్ల వాళ్ల భాషల్లో మాట్లాడినవాడివి కదా, నీకు తెలియదా, అని. ఆ దేవుడు అప్పటికే రాయలు సంస్కృతంలో రాసిన కావ్యాలను పేరుపేరునా మెచ్చుకుని, ఆ తరువాతే తెలుగు కావ్యం అడిగాడు. తెలుగు గొప్పదన్న తీర్పుకు సాక్షిగా నిలబెట్టింది నాలుగు భాషలు రుచి చూసిన మనిషిని. తక్కినవేవీ తెలియనివాడు చెబితే ఆ పద్యం నిలిచేది కాదు.

మళ్లీ ఆ నిద్రపోతున్న పండితుడి దగ్గరకు వస్తాను. రామకృష్ణుడి ఉపాయంలో ఒక లొసుగు ఉందని ఈ మధ్యే తట్టింది. పండితుడిది కుప్పం అనుకుందాం. కాసేపు నడిస్తే ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, బడిలో ఇంకొకటి. అర్ధరాత్రి గట్టిగా గిచ్చితే అతను ‘అమ్మా!’ అని అరుస్తాడు. తెలుగులోనూ అమ్మే, తమిళంలోనూ అమ్మే, కన్నడంలోనూ అమ్మే. చీకట్లో మంచం పక్కన నిలబడ్డ రామకృష్ణుడు మర్నాడు సభలో ఏమని చెబుతాడో!